గెలుపు ముందు కాళ్లకు ఎక్కుతుంది

(ఒక మహిళా డిగ్రీ కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు వరుసగా రెండో ఏడాది అంతర కళాశాలల ట్రోఫీ గెలిచింది. ఆ అభినందన సభలో విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

ప్రిన్సిపాల్ గారికి, మీ పీడీ మేడమ్‌కు, తల్లిదండ్రులకు నమస్కారం. అమ్మాయిలూ, మీకు అభినందనలు. శాలువాలు అయ్యాయి, దండలు అయ్యాయి, మెమెంటోలు అయ్యాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా చూశాను. అందులో ఎమ్మెల్యే గారి బొమ్మ నిలువెత్తున ఉంది, మీ పన్నెండు మంది బొమ్మలు తపాలా బిళ్లల సైజులో ఉన్నాయి. వినయం నేర్పడానికి ఆ ఫ్లెక్సీ చాలు. నన్నెందుకు పిలిచారో మరి.

మీ మేడమ్ ఫోను చేసి, ‘సార్, పిల్లలు వరుసగా గెలుస్తున్నారు, కాస్త వినయం గురించి చెప్పండి’ అన్నారు. నేను వెంటనే సరే అనలేదు. వినయం మీద ప్రసంగానికి మన దగ్గర ఒక తీరు ఉంది కదా. ఎదిగినకొద్దీ ఒదగాలంటారు. నిండుకుండ తొణకదంటారు. మంచి మాటలే, కాదనను. కానీ బాస్కెట్‌బాల్‌లో తొణకని కుండకు చోటెక్కడ? బెంచి మీద. ఆ వినయం గురించి చెప్పడానికి నాకన్నా బాగా మాట్లాడేవాళ్లు ఊరికి నలుగురు ఉంటారు.

మైకు ఇస్తే ‘అంతా మా మేడమ్ చలవ, దేవుడి దయ’ అంటారు చూడండి, అది మర్యాద. ఇందాక మీ కెప్టెన్ చక్కగా చెప్పింది. మర్యాద ఉండాలి. కానీ ఆ మాట అన్న అమ్మాయి మరునాడు పొద్దున ప్రాక్టీసులో ఎలా పరుగెత్తుతుంది? నాకు కావలసింది అది. మైకు దగ్గర అందరూ వినయంగానే ఉంటారమ్మా.

గర్వం తలకెక్కింది అంటాం కదా. ఇన్నేళ్లు కోర్టు పక్కన నిలబడి చూసినవాణ్ణి, నా మాట వినండి. బాస్కెట్‌బాల్‌లో అది ముందు తలకు ఎక్కదు. ముందు కాళ్లకు ఎక్కుతుంది. తలకు తరువాత ఎక్కుతుంది, నోటికి ఇంకా తరువాత. నోటికి వచ్చేసరికి ఊరందరికీ తెలుస్తుంది. కాళ్లకు ఎక్కినప్పుడు మాత్రం ఎవరికీ తెలియదు, ఆడే మనిషికి అసలే తెలియదు.

ఎలాగంటారా? మీరు రింగు దగ్గరికి దూసుకెళ్లి లే-అప్ వేశారు, పడలేదు. బంతి అవతలివాళ్ల చేతికి వెళ్లింది. మొదటి ఏడాది, మీరెవరో ఎవరికీ తెలియని రోజుల్లో, ఆ క్షణంలో ఏం చేశారు? వెనక్కి తిరిగి పరుగెత్తారు. ఇప్పుడు? ఇప్పుడు ముందు రిఫరీ వైపు చూస్తారు. ‘ఫౌల్ ఇవ్వలేదేమిటి, నేనెవరో తెలియదా’ అన్నట్టు. ఆ చూపు ఒక్క సెకను. ఆ ఒక్క సెకనులో అవతలి అమ్మాయి సగం కోర్టు దాటేస్తుంది. నవ్వుతున్నారు. ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసు, పేరు చెప్పను.

ఇంకొకటి బాక్స్ ఔట్. షాటు గాలిలో ఉంది. మీ వెనక ఉన్న మనిషిని నడుముతో అడ్డుకుని, రింగు దగ్గరికి రానివ్వకుండా నిలబడాలి. దీనికి చప్పట్లు ఉండవు. స్కోరు పుస్తకంలో ఎక్కదు. మీరు బాక్స్ ఔట్ చేస్తే రీబౌండ్, అంటే పడని షాటు బంతిని పట్టుకోవడం, పక్కమ్మాయి ఖాతాలో పడవచ్చు. గెలవని జట్టు దీన్ని కసిగా చేస్తుంది. గెలిచే జట్టులో ‘ఎలాగూ పడుతుందిలే, ఎవరో ఒకరు పట్టుకుంటారులే’ అన్న ధీమా వస్తుంది. ఆ ‘లే’ ఉందే, దాని ఖరీదు ఎంతో ఒక కథ చెబుతాను. అంతకుముందు మీలాంటి అమ్మాయిల కథ ఒకటి.

అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం ఉంది. యూకాన్ అంటారు. అక్కడి మహిళల జట్టుకు జీనో ఆరియెమ్మా 1985 నుంచి కోచ్. ఇటలీలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. 2025 నాటికి ఆ జట్టు గెలిచిన జాతీయ టైటిళ్లు 12. అందులో 2013 నుంచి 2016 వరకు వరుసగా నాలుగు. 2014 నవంబరులో ఒక మ్యాచ్ ఓడిపోయారు. ఆ తరువాత ఎన్ని గెలిచారో చెప్పండి, ఓడకుండా? ఇరవై? నలభై? నూటపదకొండమ్మా. వరుసగా 111.

ఆ పరంపరలో, 2016 మార్చిలో, మిసిసిపీ స్టేట్ అనే జట్టును 98–38తో ఓడించారు. తేడా 60 పాయింట్లు. ఇక్కడ మీరు గెలిచినవాళ్ల పక్కన కాక, ఓడినవాళ్ల పక్కన కూర్చుని ఒకసారి ఆలోచించండి. అరవై పాయింట్ల తేడాతో ఓడి బస్సెక్కిన పిల్లలు ఏం మాట్లాడుకుని ఉంటారు? ఏడాది తిరిగింది. అవే రెండు జట్లు జాతీయ సెమీఫైనల్లో ఎదురుపడ్డాయి. 2017 మార్చి 31, డాలస్. డాలస్ అంటే మీకు వేరే చెప్పాలా, ఈ హాల్లో సగం మందికి అక్కడ ఎవరో ఒకరు బంధువులు ఉంటారు. ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. చివరి క్షణంలో మోర్గన్ విలియం అనే మిసిసిపీ స్టేట్ ఆటగత్తె, ఐదడుగుల ఐదంగుళాల అమ్మాయి, ఒక జంప్ షాటు కొట్టింది. 66–64. నూటపదకొండు అక్కడ ఆగింది.

ఐదడుగుల ఐదంగుళాలు. వెనక వరసలో కూర్చున్న పొట్టి అమ్మాయిలు ఈ అంకె రాసుకోండి.

యూకాన్ గర్వపడి ఓడిందని నేను అనను. అలా అంటే అన్యాయం. ముందు ఏడాది వాళ్ల జట్టులోని ముగ్గురు మేటి ఆటగత్తెలు చదువు ముగించి వెళ్లిపోయారు. వృత్తి జట్లు జరిపిన ఎంపికలో మొదటి మూడు స్థానాలూ ఆ ముగ్గురివే. వాళ్లు లేకుండా ఓటమి లేని సీజన్‌తో సెమీఫైనల్ దాకా రావడమే గొప్ప. మరి ఈ కథ ఎందుకు చెప్పాను? మీరు 60 పాయింట్లతో గెలిచిన మ్యాచ్‌ను మీరు వారంలో మరచిపోతారు. అవతలివాళ్లు మరవరు. రెండేళ్లుగా మీ చేతిలో ఓడిన ప్రతి కాలేజీలో ఇప్పుడు మీ పేరు చెప్పుకుని ప్రాక్టీసు చేస్తున్నారు. మీరు మాత్రం ఎవరి పేరు చెప్పుకుని చేస్తున్నారు? పైన ఎవరూ లేరు కదా, అదీ చిక్కు.

ఆ చిక్కుకు ఆరియెమ్మా దగ్గర ఒక మందు ఉంది. ప్రాక్టీసులో వాళ్ల అమ్మాయిలు అబ్బాయిలతో ఆడతారు. అక్కడి చాలా మహిళా జట్లలో ఈ పద్ధతి ఉంది. మామూలు విద్యార్థులే, కానీ పొడుగు, వేగం ఎక్కువ. ఒక్కోసారి ఐదుగురు అమ్మాయిల మీద వాళ్లు ఐదుగురికన్నా ఎక్కువ మంది. అంటే ఏమిటి? శనివారం మ్యాచ్‌లో ముప్పై పాయింట్లతో గెలిచిన జట్టు సోమవారం ప్రాక్టీసులో ఓడిపోతుంది. మంగళవారం మళ్లీ ఓడిపోతుంది. ఇక ఫ్లెక్సీ ఏం గుర్తుంటుంది? మేడమ్, మన దగ్గర ఇది కుదురుతుందో లేదో మీరు చూడండి. అబ్బాయిలు కుదరకపోతే ఐదుగురి మీద ఏడుగురిని నిలబెట్టండి. ఓడే ప్రాక్టీసు వారానికి ఒకటైనా ఉండాలి.

ఇప్పుడు ఆ ‘లే’ కథ. శాన్ ఆంటోనియో స్పర్స్. అమెరికాలో మగవాళ్ల వృత్తి లీగ్ ఎన్‌బీఏలో ఒక జట్టు. మీరు ఫోనులో చూసే జట్లలో ఇది ఉండకపోవచ్చు. మీకు కర్రీ తెలుసు, లెబ్రాన్ తెలుసు. టిమ్ డంకన్ ఎంతమందికి తెలుసు? ముగ్గురు. చాలు, ఆయనకు కూడా అంతే చాలు.

స్పర్స్‌కు 1996 నుంచి 2025 వరకు కోచ్ గ్రెగ్ పాపోవిచ్. 1997లో డంకన్ వచ్చాడు. 1999లో, 2003లో, 2005లో, 2007లో టైటిల్. ఆ తరువాత లేదు. 2013లో మళ్లీ ఫైనల్, మయామీ హీట్ మీద. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మూడు గెలిచారు, ఇంకొకటి గెలిస్తే ట్రోఫీ. జూన్ 18, ఆరో మ్యాచ్. ఇంకా 28 సెకన్లు ఉంది, ఐదు పాయింట్ల ఆధిక్యం. సిబ్బంది అప్పటికే కోర్టు చుట్టూ పసుపు తాడు కట్టడం మొదలుపెట్టారు. ట్రోఫీ ఇచ్చేటప్పుడు జనం మీద పడకుండా కట్టే తాడు.

మయామీ ఆటగాడు లెబ్రాన్ త్రీ పాయింటర్, అంటే దూరపు గీత బయటి నుంచి మూడు పాయింట్ల షాటు, వేశాడు, పడలేదు. రీబౌండ్ ఎవరికి? మయామీకే. బంతి మళ్లీ లెబ్రాన్‌కు వచ్చింది, ఈసారి పడింది. తేడా రెండు. స్పర్స్‌కు రెండు ఫ్రీ త్రోలు, ఒకటే పడింది. తేడా మూడు. లెబ్రాన్ మళ్లీ వేశాడు, పడలేదు. రీబౌండ్? మళ్లీ మయామీకే, క్రిస్ బాష్‌కు. బాష్ పాస్ ఇచ్చాడు, రే అలెన్ వెనక్కి అడుగులు వేస్తూ మూలకు చేరి, గీత తొక్కకుండా నిలబడి కొట్టాడు. 5.2 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో 103–100తో మయామీ గెలిచింది. రెండు రోజుల తరువాత ఏడో మ్యాచ్, అదీ మయామీదే.

రే అలెన్ షాటు గురించి అందరూ మాట్లాడతారు. మీరు వీడియో చూసినప్పుడు షాటు చూడకండి, దాని ముందు రెండు రీబౌండ్లు చూడండి. వాటిలో ఏ ఒక్కటి స్పర్స్ చేతికి వచ్చినా తాడు విప్పే పని ఉండేది కాదు. మీ మీద కోపంతో చెప్పడం లేదు, మొన్నటి మీ సెమీఫైనల్ నేను చూశాను. చివరి క్వార్టర్లో అవతలివాళ్లకు ఎన్ని రెండో అవకాశాలు ఇచ్చారో మేడమ్ దగ్గర లెక్క ఉంది. వాళ్లకు ఒక రే అలెన్ లేడు కనక ఈ శాలువాలు మీ భుజాల మీద ఉన్నాయి.

అన్నట్టు, రే అలెన్ ఆ వెనకడుగుల షాటును అప్పటికప్పుడు కనిపెట్టలేదు. రింగు కింద నేల మీద పడుకుని, లేచి, వెనక్కి అడుగులు వేస్తూ మూలకు వెళ్లి, పాస్ అందుకుని కొట్టడం ఆయన ఏళ్ల తరబడి ఒంటరిగా సాధన చేసేవాడు. చూసినవాళ్లకు పిచ్చిగా ఉండేది. అప్పటికే ఎన్‌బీఏ చరిత్రలో ఎవరికన్నా ఎక్కువ త్రీ పాయింటర్లు కొట్టిన మనిషి. ఇంకేం కావాలి ఆయనకు? అయినా పడుకునేవాడు, లేచేవాడు.

స్పర్స్ ఏం చేశారు? ఆ ఓటమి రాత్రి పాపోవిచ్ జట్టునంతా ఒక హోటల్‌కు తీసుకువెళ్లాడు. గెలుపు విందు కోసం ముందే మాట్లాడి పెట్టుకున్న హోటల్ అది. గదుల్లో విడివిడిగా కూర్చుని కుమిలిపోనివ్వలేదు. తరువాతి సీజన్ శిక్షణ మొదలవగానే అందరినీ కూర్చోబెట్టి ఆ ఓడిన మ్యాచ్‌ల వీడియో వేశాడు. గెలిచిన వీడియో ఎవరైనా చూస్తారు, ఓడిన వీడియో చూడటానికి గుండె కావాలి. మీ సంగతి చెప్పండి, ఫైనల్ వీడియో ఎన్నిసార్లు చూశారు? చెయ్యెత్తకండి, తెలుసు. సెమీఫైనల్లో ఆ చివరి క్వార్టర్?

ఆ ఏడాది, 2013–14 సీజన్, స్పర్స్ 62 మ్యాచ్‌లు గెలిచారు. జట్టులో ఒక్కరు కూడా మ్యాచ్‌కు సగటున 30 నిమిషాలు ఆడలేదు. అంతకుముందు ఎన్‌బీఏలో ఏ జట్టూ అలా సీజన్ ముగించలేదు. 48 నిమిషాల ఆటలో ఎవరికీ 30 లేవంటే అర్థం ఏమిటి? డంకన్ లాంటివాడు కూర్చున్నాడు, పార్కర్ కూర్చున్నాడు. జినోబిలీ సంగతి మరీ విచిత్రం. 2004 ఒలింపిక్స్‌లో అమెరికాను సెమీఫైనల్లో ఓడించి, అర్జెంటీనాకు బంగారు పతకం తెచ్చిన మనిషి స్పర్స్‌లో చాలా ఏళ్లు బెంచి మీద నుంచి వచ్చి ఆడాడు. నన్ను మొదటి ఐదుగురిలో పెట్టలేదేమని మేడమ్ గది బయట ఏడ్చినవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే, ఇంటికి వెళ్లి ఆయన ఆట చూడండి.

2014 ఫైనల్లో మళ్లీ అదే మయామీ. 4–1తో స్పర్స్. చివరి మూడు మ్యాచ్‌లలో తేడాలు 19, 21, 17. ఎవరూ మూలన నిలబడి అద్భుతం చేసే అవసరం, అవకాశం, రెండూ ఇవ్వలేదు. ఫైనల్లో ఉత్తమ ఆటగాడు ఎవరు? ముందు ఏడాది ఆ రెండు ఫ్రీ త్రోలలో ఒకటి పోగొట్టిన కుర్రాడే, కవాయ్ లెనర్డ్. అప్పటికి 22 ఏళ్లు.

డంకన్ గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. పాపోవిచ్ ఆయనను కొత్తవాళ్లను తిట్టినట్టే అందరి ముందు తిట్టేవాడు, ఆయన పడేవాడు. దాంతో ఏమయింది? మిగతావాళ్లలో ‘నన్ను తిడతారా’ అనే నోరు ఎవరికి ఉంటుంది? జట్టులో మొదటి మనిషి తిట్లు తింటే కోచ్ పని సగం అయిపోయినట్టే. కెప్టెన్, విన్నావా అమ్మా? 2012లో కొత్త ఒప్పందం రాసుకున్నప్పుడు జట్టును నిలబెట్టడం కోసం జీతం సగానికి పైగా తగ్గించుకున్నాడు. మీకు జీతాలు లేవు, తగ్గించుకునేది షాట్లే. అది ఇంకా కష్టం.

ఇంతా చేసి స్పర్స్ ఒక్కసారి కూడా వరుసగా రెండేళ్లు టైటిల్ గెలవలేదు. ఐదు టైటిళ్లు, ఏ రెండూ పక్కపక్కన లేవు. ఈ మాట చెప్పకుండా దాటేస్తే మీకు అబద్ధం చెప్పినట్టు. వినయంగా ఉంటే ట్రోఫీ వస్తుందని నేను హామీ ఇవ్వను. మడమ మెలి తిరగవచ్చు, అవతలి అమ్మాయికి ఆ రోజు అన్నీ పడవచ్చు. కానీ 2000 నుంచి 2017 వరకు ప్రతి సీజన్లోనూ వాళ్లు కనీసం 50 మ్యాచ్‌లు గెలిచారు. వరుసగా పద్దెనిమిది సీజన్లు. ఓడిన ఏడాది తరువాత కుప్పకూలలేదు, గెలిచిన ఏడాది తరువాతా కుప్పకూలలేదు. నేను అడిగేది అది.

పాత కథ ఒకటి, చిన్నది. జాన్ వుడెన్, లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం కోచ్. 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు. ప్రతి ఏడాదీ మొదటి రోజు ఆయన పాఠం ఏమిటో తెలుసా? మేజోళ్లు వేసుకోవడం. ముడతలు లేకుండా ఎలా లాగాలి, బూటు లేసు ఎలా బిగించాలి. దేశంలోకెల్లా గొప్ప కుర్రాళ్లు, జాతీయ విజేతలు, కూర్చుని మేజోళ్లు తొడుక్కోవడం నేర్చుకునేవారు. ముడత ఉంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ఆట పోతుంది. అంతే లెక్క. వాళ్లవి చెక్క కోర్టులు. మనది సిమెంటు, ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిదికే పెనంలా కాలుతుంది. మనకెంత కావాలి ఆ పాఠం! ఆ వుడెన్ జట్టు కూడా వరుసగా 88 గెలిచి, 1974 జనవరిలో నోటర్ డామ్ మీద 70–59తో ముందుండి, చివరి మూడున్నర నిమిషాల్లో వరుసగా 12 పాయింట్లు ఇచ్చి ఒక్క పాయింటుతో ఓడింది. మేజోళ్లు సరిగ్గానే ఉన్నాయి. పదకొండు పాయింట్లు సరిపోతాయని ఎవరికీ రాసి ఇవ్వరు, అదే సంగతి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కోర్టు పక్కన నిలబడి ‘మా అమ్మాయికి పాస్ ఇవ్వడం లేదు’ అనకండి. మీ అమ్మాయికి వినబడుతుంది, పాస్ ఇవ్వని అమ్మాయికీ వినబడుతుంది, ఆ అమ్మాయి తల్లికీ వినబడుతుంది. ఇంటికి రాగానే ‘ఎన్ని కొట్టావు’ అని అడగకండి. ‘ఎవరి పాస్‌తో కొట్టావు’ అని అడిగి చూడండి. నార్త్ కరోలినాలో డీన్ స్మిత్ అనే కోచ్ ఒక అలవాటు పెట్టాడు. బాస్కెట్ వేసిన ఆటగాడు వెంటనే పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపాలి. మైకేల్ జోర్డాన్ కూడా ఆ కళాశాలలో ఆ కోచ్ దగ్గర నేర్చుకున్నవాడే. ఇది మనం సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు. ఖర్చు లేదు, గ్రాంటు అవసరం లేదు, ప్రిన్సిపాల్ గారి సంతకం అవసరం లేదు.

బెంచి మీద కూర్చునే అమ్మాయిలకు కూడా చెప్పాలి. ఆరియెమ్మా మ్యాచ్ వీడియో చూసేటప్పుడు కోర్టుతో పాటు బెంచినీ చూస్తాడట. తోటిమనిషి బాస్కెట్ వేస్తే ఎవరు లేచారు, ఎవరు ముఖం తిప్పుకున్నారు, ఎవరు గోళ్లు చూసుకుంటున్నారు. ముఖం తిప్పుకున్నవాళ్లను ఆడించనని ఆయన బాహాటంగానే చెప్పాడు. మీ బెంచి బాగానే ఉంది, ఫైనల్లో చూశాను. ఒక్కరు మాత్రం ఫోను చూస్తున్నారు.

ప్రశ్న ఉందా? అడుగమ్మా.

మంచి ప్రశ్న. మైకులో వినబడనివాళ్లకు చెబుతాను. మొదటి రౌండులో బలహీనమైన జట్టు వచ్చి మనం నలభై ముందుంటే ఏం చేయాలి, ఆట తగ్గించడం వినయమా అని అడుగుతోంది. కాదు. చేతకానట్టు నటించి, పాస్‌లు వదిలేసి, నవ్వుకుంటూ ఆడటం అరవైతో ఓడించడం కన్నా అవమానం. ఫుల్ కోర్టు ప్రెస్, అంటే కోర్టంతా వెంటపడి అడ్డుకోవడం, ఆపండి. మొదటి ఐదుగురూ బయటికి రండి, బెంచి మీద వాళ్లు ఆడతారు. లోపల ఉన్నవాళ్లు మాత్రం ప్రతి షాటుకూ బాక్స్ ఔట్ చేయాలి, ప్రతిసారీ వెనక్కి పరుగెత్తాలి. వాళ్లకు ఏడాదిలో దొరికే నిమిషాలు అవేనమ్మా, వాటిలోనూ సరదాకు ఆడమని నువ్వెలా చెబుతావు? మ్యాచ్ అయ్యాక చేతులు కలిపి, ఆ జట్టులో బాగా ఆడిన పిల్ల ఎవరో చూసి, పేరు అడిగి రండి. వచ్చే ఏడాది ఆ పిల్లను ఎవరు గార్డ్ చేయాలో ముందే తెలిసి ఉంటుంది.

ఇంకెవరైనా? లేకపోతే వెళదాం, వంటవాళ్లు రెండుసార్లు తొంగి చూశారు.